మేలైన ఉక్కు ఏది?

క్రిందటి నెలలో స్నానాల గదిలో అద్దం బిగించడానికి నాలుగు స్క్రూలు కావలసివచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాను. ఆ దుకాణం నడుపుతున్నవాడు ఒకప్పటి నా విద్యార్థి. "మంచి స్క్రూలు నాలుగు ఇవ్వు నాయనా" అన్నాను. అతడు వెంటనే డబ్బా తీయలేదు. "ఎక్కడ పెడతరు సార్? నీళ్ళు తగుల్తయా? గోడ ఇటుకదా, కాంక్రీటుదా? అద్దం ఎంత బరువుంటది?" అని వరుసగా అడిగాడు. తెలుగు పరీక్షలో నేను వేసిన ప్రశ్నలకు అతడు ఎన్నడూ అంత చకచకా జవాబులు చెప్పిన గుర్తు లేదు. ఆ వేళ ప్రశ్నలు అతడివి, తడబాటు నాది.

అన్నీ విన్న తరువాత మూడు రకాలు బల్ల మీద పెట్టి వివరించాడు. మొదటిది జింకు పూత వేసిన ఇనుము. గదిలో పటం తగిలించడానికి చాలు, స్నానాల గదిలో కొన్నాళ్ళకు పూత పోయి తుప్పు కారుతుంది. రెండవది 202 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచి చేస్తారు కనుక చవక. మూడవది 304. అందులో సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉంటాయి. "మస్తుమంది అయస్కాంతం తెచ్చి చూస్తరు సార్. అంటుకోకపోతే అసలుది అనుకుంటరు. 202 కూడ అంటుకోదు. అయస్కాంతంతోని ఈ రెండిటికి తేడా తెల్వదు" అన్నాడు. నేను 304 రకం తీసుకొని ఇంటికి వచ్చాను గానీ, దారి పొడుగునా "మంచి" అనే ఆ ఒక్క మాట నన్ను వెంటాడింది. ఆ మాట వలన నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఆ సంగతి చెప్పి, తరువాత చరిత్రలోకి వెళతాను.

1996లో కొత్తపేట ప్రాంతంలో మేము ఇల్లు కట్టుకున్నాము. గుత్తేదారుతో ఒప్పందపత్రం నా చేతులతో నేనే వ్రాశాను. భాష చదువుకున్నవాడినన్న అతిశయం కొంత ఉండేది. "శ్రేష్ఠమైన సిమెంటు, మేలైన ఇనుము, శుభ్రమైన ఇసుక వాడి, చక్కని పనితనంతో, దృఢమైన పైకప్పు వేయవలెను" అని రెండు పుటలు నింపాను. గుత్తేదారు చదివి, "మీ దస్తూరీ ముత్యాల్లెక్క ఉన్నది సార్" అని మెచ్చుకొని సంతకం చేశాడు. ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి వచ్చినవారు కూడా మెచ్చుకున్నారు.

2019 వానాకాలంలో ఒక తెల్లవారుజామున నడిమి గది పైకప్పు నుండి పళ్ళెమంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ మంచం మీద రోజూ మా మనుమరాలు పడుకుంటుంది. ఆ రాత్రి ఉరుములకు భయపడి వాళ్ళ నానమ్మ దగ్గరకు వెళ్ళి పడుకున్నది. దిండు మీద పడి ఉన్న ఆ పెచ్చును చూసి మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. పిల్లను ఒళ్ళోకి తీసుకొని చాలాసేపు అట్లాగే కూర్చున్నది.

పరీక్షించడానికి వచ్చిన ఇంజనీరు చిన్న సుత్తితో పైకప్పు అంతటా తట్టి చూశాడు. కొన్నిచోట్ల గట్టి చప్పుడు, కొన్నిచోట్ల డొల్ల చప్పుడు. ఆయన చెప్పినది ఇది. కాంక్రీటుకు సహజంగా క్షారగుణం ఉంటుంది. అది ఉన్నంత కాలం లోపలి ఇనుముకు తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, చెమ్మ లోపలికి పోయినకొద్దీ ఆ గుణం నశిస్తుంది. అందుకని కడ్డీకి కింద తగినంత మందంగా కాంక్రీటు కప్పు ఉండాలి. ఇంటి స్లాబుకు సాధారణంగా 20 మిల్లీమీటర్లు. మా స్లాబులో కడ్డీలు దాదాపు పలక మీదనే పరచి పోత పోశారు. తుప్పు పట్టిన ఇనుము మొదటికన్నా ఎక్కువ చోటు కోరుతుంది. ఆ ఉబ్బుకు పెచ్చు ఊడింది. కడ్డీ కూడా ఏ ప్రమాణానికీ లోబడినది కాదని ఆయన అభిప్రాయం. "ఒప్పందంలో ఏమని వ్రాసుకున్నారు?" అని అడిగితే, దాచి ఉంచిన కాగితం చూపాను. రెండు పుటలూ ఓపికగా చదివి, "సార్, ఇందులో ఒక్క అంకె లేదు" అన్నాడు.

ఆ మాట నాకు చెంపపెట్టు. ఎందుకంటే తర్కసంగ్రహం చదువుకునే రోజుల్లో మా గురువుగారు మొదటగా నేర్పినది లక్షణం చెప్పడమే. ఒక వస్తువుకు లక్షణం చెప్పాలంటే మూడు దోషాలు లేకుండా చెప్పాలి. ఆవు అంటే కపిలవర్ణం కలది అంటే తెల్ల ఆవు తప్పిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు కలది అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట కలది అంటే ఏ ఆవుకూ పొసగదు, అది అసంభవం. గంగడోలు కలది అంటే సరిపోతుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఈ దోషాలు చెప్పి, నా ఇంటి విషయంలో "మేలైన ఇనుము" అని వ్రాశాను. అతివ్యాప్తికి అంతకన్న గొప్ప ఉదాహరణ ఉంటుందా? అమ్మేవాడి దృష్టిలో ప్రతి ఇనుమూ మేలైనదే.

ఆ రోజుల్లో "భారతీయ ప్రమాణం 1786 ప్రకారం ఎఫ్‌ఇ 415 కడ్డీ" అని ఒక్క పంక్తి వ్రాసి ఉంటే గంగడోలు చెప్పినట్లయ్యేది. ఆ 415 అనేది కడ్డీ ఎంత లాగుడు వరకు తట్టుకొని మళ్ళీ మొదటి స్థితికి రాగలదో చెప్పే అంకె. ఇప్పుడు విరివిగా దొరికే 500 రకంలో చివర "డి" అక్షరం ఉంటే, బలంతోపాటు తెగేముందు సాగే గుణం కూడా ఎక్కువని అర్థం. భూమి కంపించినప్పుడు పుటుక్కున తెగే కడ్డీకన్నా సాగి లొంగే కడ్డీయే మనుషులను కాపాడుతుంది. ఆ ఒక్క అక్షరం నా రెండు పుటల విశేషణాలకన్న బరువైనది. గుత్తేదారుని తప్పు నేను కాదనను. అయితే అతడికి ఆ వీలు కల్పించినది నా కాగితమే.

స్లాబు బాగుచేయించిన తరువాత, ఏ పనికి ఏ పదార్థం తగినదో మన నేల మీద పెద్దలు ఎట్లా తేల్చుకున్నారో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. ఈ టపా ఆ చదువు ఫలితం.

మొదట కోనసముద్రం. నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లికి దగ్గరి ఊరు. ఒకప్పుడు ప్రపంచం "వూట్జ్" అని పిలిచిన ఉక్కును తయారుచేసిన ఊళ్ళలో అది పేరెన్నిక గన్నది. ఆ పేరు మన "ఉక్కు" మాటకు వచ్చిన వికృత రూపమని పండితులు చాలామంది చెబుతారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంతో ఆ మాట ఇంగ్లీషువారి శాస్త్రగ్రంథాల్లో స్థిరపడింది. తరువాత 1819 ప్రాంతంలో మైకేల్ ఫారడే కూడా ఈ ఉక్కు మీద పరిశోధనలు చేశాడు.

కోనసముద్రం పనిని కళ్ళారా చూసి వ్రాసినవాడు హెన్రీ వాయిసీ. లాంబ్టన్ నాయకత్వంలో జరిగిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసినవాడు. ఆయన 1824లో మరణించగా, ఆ రచన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. అందులో నన్ను ఆకట్టుకున్నది కొలిమి వేడి కాదు, తూకం. ఉక్కు కోసం రెండు వేర్వేరు ఊళ్ళ ఇనుమును తెచ్చి, ఒకటి మూడు పాళ్ళు, రెండవది రెండు పాళ్ళు కలిపేవారట. మట్టి మూసలో పెట్టి, మూత వేసి, కొలిమిలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఒక పర్షియా వర్తకుడు ఇస్ఫహాన్ నుండి అంత దూరం వచ్చి, ఆ తూకాలు తన కళ్ళ ఎదుట వేయించుకునేవాడట. "మేలైన ఉక్కు పంపండి" అని ఉత్తరం వ్రాసి ఊరుకోలేదు. తనకు కావలసినది ఏ పాళ్ళలో ఉన్నదో ఎరిగి, త్రాసు దగ్గర నిలబడ్డాడు. నా ఒప్పందపత్రం కన్న ఆ వర్తకుడి నిలుచున్న కాళ్ళు ఎక్కువ పని చేశాయి.

ఆ ఉక్కులో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళు. అంత కర్బనం ఉంటే గట్టిదనం వస్తుంది, పదును నిలుస్తుంది, కత్తి మీద అలలవంటి చారలు తేలుతాయి. అయితే దానికొక నియమం ఉన్నది. మామూలు ఇనుమును కాల్చినట్లు తెల్లగా మండేదాకా కాల్చి సుత్తి వేస్తే పొడి పొడిగా చిట్లిపోతుంది. ఎర్రని వేడిలోనే ఓపికగా సాగగొట్టాలి. ఈ సంగతి తెలియక ఐరోపా కమ్మరులు కొందరు ఎంతో ఖ్యాతి విని తెప్పించుకున్న ఉక్కును పాడుచేసుకొని, తప్పు దాని మీద వేశారు.

మరి ఆ ఉక్కు చేసే ఊరి రైతు తన నాగటి కర్రుకు దానినే వాడేవాడా? వాడడు. కర్రు ప్రతి ఏటా అరుగుతుంది. అరిగినప్పుడల్లా ఊరి కమ్మరి కాల్చి సాగగొట్టి మళ్ళీ మొన తీయాలి. రాయి తగిలితే వంగాలి గానీ విరగకూడదు. దానికి మెత్తని ఇనుమే తగినది. కత్తికి గొప్పదైనది కర్రుకు పనికిరాదు. అలంకారికుడు క్షేమేంద్రుడు దీనినే కావ్యంలో ఔచిత్యం అన్నాడు.

2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, పాత ఇనుప కొలుముల జాడలను, చిట్టెపు దిబ్బలను నమోదు చేశారు. ఆ మూసల మట్టిలో వరి ఊక కలిపేవారని పరిశోధకులు గుర్తించారు. ఊక కాలి మిగిలిన సిలికా, కర్బనం ఆ మట్టికి కొలిమి వేడిని తట్టుకునే శక్తి ఇచ్చాయి. పొలంలో మిగిలిన ఊకను అంత వేడికి తగిన మూసగా మలచినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఇక మా ఎల్.బి.నగర్ చౌరస్తా దగ్గరకు వస్తాను. అక్కడినుండి ఇబ్రహీంపట్నం మీదుగా పోయే దారిని మేము సాగర్ రోడ్డు అంటాము. ఆ దారి చివర ఉన్న నాగార్జునసాగర్ ఆనకట్ట పదార్థాన్ని ఎన్నుకోవడంలో నాకు తెలిసిన అతి పెద్ద పాఠం.

1955 డిసెంబరు 10న నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆ రోజుల్లోనే ఉత్తరాన సట్లెజ్ మీద భాక్రా ఆనకట్ట కాంక్రీటుతో లేస్తున్నది. దానికి విదేశీ యంత్రాలు, విదేశీ నిపుణులు. ఎత్తు 226 మీటర్లు. 1963లో జాతికి అంకితమైంది. కృష్ణ మీద కూడా కాంక్రీటే వేయాలా, రాతి కట్టడం చాలునా అన్న చర్చ వచ్చింది. రాతి వైపు మొగ్గినవారిలో మన కె.ఎల్.రావుగారు ముఖ్యులు. తరువాత కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేసిన ఇంజనీరు.

రాతి పక్షాన ఉన్న కారణాలు చూడండి. రాయి అక్కడే ఉన్నది. సిమెంటు దేశమంతటా కరువు, ప్రభుత్వ నియంత్రణలో ఉన్న సరుకు. రాతి కట్టడంలో ఎక్కువ భాగం రాయే కనుక సిమెంటు తక్కువ చాలు. పెద్ద ఎత్తున కాంక్రీటు పోస్తే సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకొని, చల్లారేటప్పుడు పగుళ్ళు తెస్తుంది. దానిని చల్లబరచడానికి వేరే యంత్రాంగం కావాలి. రాతి కట్టు నెమ్మదిగా లేస్తుంది కనుక ఆ వేడి అంతగా పోగుపడదు. రెండవ పంచవర్ష ప్రణాళిక నడుమ దేశంలో విదేశ మారకద్రవ్యానికి కటకట వచ్చింది. యంత్రాలు కొనడం కష్టం. పని కోసం చూసే చేతులు మాత్రం లక్షలు. ఒక పదార్థాన్ని ఎన్నుకోవడమంటే దాని బలం ఒక్కటే చూడడం కాదనీ, అది ఎక్కడ దొరుకుతుంది, ఎవరు మోస్తారు, ఎవరికి కూలి దక్కుతుంది అన్నవి కూడా ఆ లెక్కలోనివేననీ ఇక్కడ తెలుస్తుంది.

ఆ ఎన్నిక ఫలితం 124 మీటర్లకు పైగా ఎత్తు, సుమారు కిలోమీటరున్నర పొడవు, యాభై లక్షల ఘనపు మీటర్లకు పైగా రాతి కట్టడం. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే అతి ఎత్తైనదని దానికి పేరు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. రాతి పని చూడడానికి మోటుగా ఉన్నా నియమాలు సున్నితమైనవి. రాయిని కడగాలి, మట్టి అంటి ఉంటే మాలు పట్టదు. రాళ్ళ నడుమ డొల్ల మిగలకూడదు, మిగిలితే నీరు దారి వెతుక్కుంటుంది. సరుగుడు, వెదురు కట్టిన పరంజాల మీద ఆ రాళ్ళను, ఆ మాలును నెత్తిన మోసినవారు పాలమూరు నుండీ ఎన్నో జిల్లాల నుండీ వచ్చిన కూలీలు. వారిలో స్త్రీలు ఎందరో. ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. "చౌకగా మనుషులు దొరికారు" అని ఒక్క మాటలో అనేస్తే ఆ లెక్క సరైనది కాదు. రాయిని ఎన్నుకున్నప్పుడే ఆ మోసేవారి భద్రతకు కూడా లక్షణం వ్రాయవలసింది.

రాతికి ఒక ఆయుష్షు, ఇనుముకు మరొక ఆయుష్షు. ఇది తెలియజెప్పినది తుంగభద్ర. 1953లో పూర్తయిన ఆ ఆనకట్ట రాతి దేహం సున్నం, సుర్కీ కలిపిన గచ్చుతో కట్టినది. 2024 ఆగస్టు 10 రాత్రి దాని 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. నిండు కుండ వంటి జలాశయం. కింద కర్ణాటక, తెలంగాణ, ఆంధ్ర రైతుల ఏడాది పంట అంతా ఆ నీరే. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడుగారి సూచనల మేరకు పారే నీటిలోనే అడ్డుపలకలు దించి వారం తిరిగేలోగా ప్రవాహాన్ని ఆపగలిగారు. డెబ్భై ఏళ్ళ రాయి చెక్కు చెదరలేదు, దానికి వేలాడదీసిన ఉక్కు తెగింది. ఒకే కట్టడంలో రెండు పదార్థాలు వాడినప్పుడు రెండింటి వయసునూ వేర్వేరుగా లెక్కపెట్టి, ముందుగా పోయేదానిని ముందుగా మార్చాలి. మా స్లాబులో జరిగినది చిన్న ఎత్తున అదే.

ఎల్.బి.నగర్ నుండి ఇంకొక దారి కర్మన్‌ఘాట్ మీదుగా కంచన్‌బాగ్ వైపు పోతుంది. అక్కడి పైవంతెనకు 2021 డిసెంబరులో ప్రారంభించినప్పుడు అబ్దుల్ కలాం పేరు పెట్టారు. వంతెన ఒక కొస మిధాని కూడలి. మిధాని అంటే మిశ్రధాతు నిగమం. 1973లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పక్కనే 1963 నుండి హైదరాబాదులో ఉన్న రక్షణ లోహ పరిశోధనాలయం. బస్సులో ఆ బోర్డు ముందుగా పోయినప్పుడల్లా "ధాతు" అన్న మాట చూసి నాకు ముచ్చట వేస్తుంది. వ్యాకరణంలోనూ ధాతువే, లోహశాస్త్రంలోనూ ధాతువే. "హృ" అనే ఒక్క ధాతువుకు ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అవుతుంది. ఇనుముకు కూడా అంతే. క్రోమియం తగినంత చేరితే తుప్పుకు లొంగనిదవుతుంది, కర్బనం చేరితే పదును పట్టేదవుతుంది, నికెల్ చేరితే మరొక గుణం.

అక్కడ తయారయ్యే వాటిలో మరేజింగ్ ఉక్కు అని ఒకటున్నది. మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశ మోటారు కవచం దానితో చేసినదే. 2.8 మీటర్ల వ్యాసం గల గొట్టం. లోపల ఘన ఇంధనం మండుతుంటే ఆ ఒత్తిడికి పగలకూడదు. మందం పెంచుదామంటే బరువు పెరిగి రాకెట్టు పైకి లేవదు. అందుకని అతి బలమైన ఉక్కు కావాలి. అయితే బలం ఒక్కటే ఉంటే గాజులాగా పెళుసుబారుతుంది. వెల్డింగు దగ్గర కంటికి కనిపించని పగులు ఒకటి మిగిలినా అది పాకి పోకుండా ఆపే ఓర్పు కూడా కావాలి. దానికి వారు ఎన్నుకున్న ఉక్కులో నికెల్ నూటికి సుమారు 18, కోబాల్టు 8, మాలిబ్డినం 5 పాళ్ళు. ఇక కర్బనం 0.03 శాతానికి మించకూడదు. కోనసముద్రంలో ఏ కర్బనం ఉక్కుకు కీర్తి తెచ్చిందో, కంచన్‌బాగ్‌లో అదే కర్బనం దోషం. కత్తికి కావలసిన గుణం వేరు, కవచానికి కావలసిన గుణం వేరు. రెండు చోట్లా పని చేసినది తెలివైన మనుషులే. అడిగిన ప్రశ్న మారింది కనుక జవాబు మారింది. 1994 అక్టోబరు 15న పి.ఎస్.ఎల్.వి. తొలిసారి విజయవంతంగా ఎగిరింది.

ఆ కంచన్‌బాగ్ నుండే వచ్చిన మరొక వస్తువు నాకు స్వయంగా తెలుసు. మొదట చెప్పిన హార్డ్‌వేర్ దుకాణపు శిష్యుడికి చిన్ననాడు పోలియో వచ్చింది. ఆరవ తరగతిలో చేరినప్పుడు అతడి కాళ్ళకు ఇనుప కడ్డీల కాలిపర్లు, తోలు పట్టీలు, బరువైన బూట్లు. అతడు వరండా చివర ఉండగానే టకటక చప్పుడు తరగతిలోకి వినిపించేది. మధ్యాహ్నానికి అలసిపోయి గోడకు ఆనుకొని నిద్రపోయేవాడు. కాళ్ళను నిలబెట్టడానికి ఎన్నుకున్న పదార్థం ఆ కాళ్ళనే లాగేస్తున్నదని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు. కాలిపరు అంటే ఇనుముదే ఉంటుందని అనుకున్నాము.

కలాంగారు తన ప్రసంగాల్లో చెప్పిన ఒక సంగతి చాలామంది వినే ఉంటారు. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల వైద్యుడొకరు పరిశోధనాలయంలో చేత్తో ఎత్తి చూశారు. కలాంగారిని ఆసుపత్రికి తీసుకుపోయి, మూడు కిలోలకు పైబడిన కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. క్షిపణి కొనకు తేలికదనం ఎందుకు కావాలో ఇంజనీరుకు తెలుసు. ఆ తేలికదనం ఇంకెవరికి కావాలో వైద్యుడికి తెలుసు. పదార్థం ఎప్పటినుండో బల్ల మీదనే ఉన్నది. కాళ్ళు చూసినవాడు వచ్చేదాకా అది కాలిపరు కాలేదు.

మా శిష్యుడికి పదవ తరగతిలో తేలికపాటి కాలిపర్లు దొరికాయి. ఆ రోజు నేను తల వంచుకొని హాజరు తీసుకుంటున్నాను. అతడి పేరు పిలవడానికి ముందే నా చెవి ఆ టకటక కోసం చూసింది. వినబడలేదు. పిలవకుండానే గైర్హాజరు గుర్తు పెట్టి తరువాతి పేరు చదివాను. రెండవ బల్ల నుండి "వచ్చిన సార్" అని వినిపించింది. తల ఎత్తితే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నాలుగేళ్ళుగా ఆ పిల్లవాడిని నేను చూడడం మానేసి, అతడి కాళ్ళకున్న ఇనుమును వింటూ వచ్చానని అప్పుడు తెలిసింది. ఆ గుర్తు కొట్టివేసి, పక్కన మళ్ళీ వ్రాశాను.

ఇప్పుడు ఆ సన్నివేశం ఏ తరగతిలోనూ కనబడదు. దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఈ టపా వ్రాస్తున్నప్పుడు పై అంతస్తు వేయాలన్న ఆలోచన ఇంట్లో నడుస్తున్నది. ఈసారి కూడా ఒప్పందపత్రం నన్నే వ్రాయమన్నారు. వ్రాశాను. కడ్డీ ఏ ప్రమాణం, ఏ రకం, సిమెంటు ఏ శ్రేణి, ఏ నెలలో తయారైనది, కాంక్రీటు ఏ శ్రేణి, కడ్డీకి కింద ఎన్ని మిల్లీమీటర్ల కప్పు, పోత పోసిన తరువాత ఎన్ని రోజులు నీళ్ళు పట్టాలి, ఎవరు చూసి సంతకం చేయాలి. ఒకే పుటలో ముగిసింది. పూర్తిచేసి మా శిష్యుడికి చూపాను. కళ్ళజోడు పెట్టుకొని మొదటినుండి చివరిదాకా చదివాడు. "అంతా మంచిగనే ఉన్నది సార్. మరి పైన ఏం పెడతరు? నీళ్ళ ట్యాంకు ఉంటదా?" అన్నాడు.

ఆ సంగతి నేను వ్రాయనే లేదు. కాగితం వెనక్కు తీసుకొని, అక్కడే నిలబడి, అతడి కలంతో చేర్చాను.